రెండు వందల పన్నెండో పెట్టె

2024 నవంబరు 13, బుధవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. ఆకాశంలో ముప్పాతిక భాగం మబ్బు. ఈశాన్యపు గాలి, ఒంటికి తెలిసేంత. ముందురోజు సాయంత్రం కురిసిన వాన మా ఇంటి వానకొలత గొట్టంలో రెండు పాయింటు నాలుగు మిల్లీమీటర్లు. ఉష్ణోగ్రత పంతొమ్మిది డిగ్రీలు. సోలారు పార్కు రెండో ద్వారం దగ్గర నేను హాజరు పుస్తకంలో సంతకం పెట్టాను. కలం తిరిగి అందుకుంటూ కావలివాడు ఆ మాట చెప్పాడు.

"సార్, మీ పెట్టెలాయన పోయినాడంట."

"ఎప్పుడప్పా?"

"మొన్న సోమవారం. హొసకోటలో, రూములోనే. పొద్దున్నే పాలాయన తలుపు కొడితే తీయలేదంట."

"ఎన్ని గంటలకు?"

కావలివాడు కలం జేబులో పెట్టుకున్నాడు. "మనిషి పోయినాడంటే ఎన్ని గంటలకు అని అడిగేది మీరొక్కరే సార్," అన్నాడు.

అతని మాటలో ఎత్తిపొడుపు ఉంది, అబద్ధం లేదు. నేను జేబు పుస్తకం తీసి "11-11-2024, సోమవారం, వేళ తెలియదు" అని రాసుకున్నాను. ముప్పై నాలుగేళ్లు పావగడ తాలూకా కచేరిలో వాన లెక్కలూ పంట లెక్కలూ రాసినవాణ్ని. "తెలియదు" అన్న మాట నా చేతితో రాయవలసి వచ్చిన సందర్భాలు చాలా తక్కువ.

"మట్టి యాడ చేసినారు?" అని అడిగాను.

"హొసకోటలోనే సార్, ఊరందరికీ ఉండే జాగాలో. నిన్న మధ్యాన్నమే అయిపోయింది. పది మంది ఉన్నారో లేదో."

పది మంది ఉన్నారో లేదో అనేది లెక్క కాదు. కానీ దాన్ని సరిచేయగలిగినవాళ్లు అక్కడ ఎవరూ లేరు. నేనూ లేను.

ఆయన పేరు నేనిక్కడ రాయను. పార్కులో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు. అందరికీ పెట్టెలాయనే. నేను కచేరి ఉద్యోగం విరమించుకున్నాక, పార్కు నిర్వహణ కాంట్రాక్టుదారు దగ్గర రిజిస్టర్లు రాసే పనిలో చేరింది 2019 జూన్ 3, సోమవారం. ఆయన్ని మొదట చూసింది కూడా ఆ రోజే. రైలు డబ్బాలాంటి ఇనుప గది ఒకటి పార్కు మధ్యలో ఉంటుంది. అందులో ఒక బల్ల, రెండు తెరలు, బాగా పాతబడిన కంప్యూటరు. కుర్చీ వీపు మీద నల్ల గొంగడి. బయట ముప్పై తొమ్మిది డిగ్రీలు ఉన్నా లోపల కంప్యూటరు కోసం పెట్టిన చల్లదనానికి ఆయన ఆ గొంగడి కప్పుకుని కూర్చునేవాడు.

నేను వయసు అడిగాను. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా ఉంది.

"నలభై ఆరో, నలభై ఏడో ఉంటాది సార్."

"పుట్టిన తేదీ?"

"ఇస్కూల్లో జూన్ ఒకటి అని ఏసినారు. మా క్లాసులో అందరమూ జూన్ ఒకటినే పుట్టినాం," అన్నాడు. నవ్వలేదు. ఆ గడి నేను పెన్సిలుతో నింపాను, సిరాతో కాదు.

నిడుగల్లు కొండ కింద మంద కాచుకుని బతికిన కుటుంబం వాళ్లది. చదువు పాలిటెక్నిక్కుతో ఆగింది. మిగిలినదంతా ఆయన ఒంటరిగా, యంత్రాలు విప్పి చూసి, తెర మీద చదివి నేర్చుకున్నది. కానీ నడక మాత్రం మందదే. రెండు మోచేతులూ పైకెత్తి, మెడ వెనక అడ్డంగా పెట్టుకున్న కర్ర మీద వేలాడేసినట్టుగా నడిచేవాడు. కర్ర ఉండేది కాదు. లేని కర్ర మీద చేతులు వేసుకుని, సోలారు ఫలకాల వరుసల నడుమ మైళ్ల కొద్దీ అలా పోతుంటే, దూరం నుంచి చూసేవాళ్లకు ఆయన ముందర ఏవో నడుస్తున్నట్టే అనిపించేది.

ఆయన పని పెట్టెలు. కొన్ని ఫలకాల వరుసలకు ఒకటి చొప్పున స్తంభానికి బిగించిన ఉక్కు పెట్టె ఉంటుంది, టిఫిను క్యారియరంత. లోపల చిన్న కంప్యూటరు. ఆ వరుసలు ఎంత కరెంటు ఇస్తున్నాయో, ఎంత వేడెక్కాయో చూసి చెప్పడం దాని పని. నా రిజిస్టరులో వాటికి నంబర్లు ఉండేవి. ఆయన నోట ఒక్కసారీ నంబరు వినలేదు.

"ముంగిస పిల్లలు పెట్టిండేదానికి గాలి ఆడటంలేదు సార్, ఈ పొద్దు ఆడికి పోతాండా," అనేవాడు.

"నంబరు చెప్పు."

"నంబరు మీకు తెలుస్తాది కదా సార్. మూత సొట్టబోయిండేదాని పక్కది."

నేను విసుక్కుంటూ డ్రాయింగు కాగితం తీసి వెతికేవాణ్ని. ఆయన చెప్పిన పెట్టె ఎప్పుడూ ఉండేది. ముంగిస పిల్లలు కూడా ఉండేవి.

ఒక మధ్యాహ్నం, భోజనాల దగ్గర, మీకు ఎన్ని గొర్రెలు ఉండేవని అడిగాను. ఆయన ముద్దను సాంబారులో అద్దుతూ, తెలియదన్నాడు.

"మందలో పెరిగి, ఎన్ని అనేది తెలీదా?"

"ఎంచగూడదు సార్. అక్క ఒప్పుకునేది కాదు. ఎంచితే తగ్గుతాయనేది."

"మరి ఒకటి తప్పిపోతే తెలిసేదెట్ల?"

"పొద్దు వాలినాక దొడ్డి కంప తీసి, అక్క పక్కన నిలబడేది. అన్నీ లోపలికి పోతాండేవి. అన్నీ పోయినాక, ఫలానాది రాలేదు అనేది. పోయి ఎతికితే యాడో పొదలో ఉండేది అది."

"రానిది ఎట్ల కనపడతాదప్పా?"

"వచ్చిండేవాటిని మొగం మొగం చూస్తే, రానిది కనపడతాది సార్."

ఇది లెక్క కాదని నేను గట్టిగానే అన్నాను. ఆయన గిన్నె కడగడానికి లేచిపోయాడు. వాళ్లమ్మ ఆయన చిన్నప్పుడే పోయిందనీ, పెళ్లి మాట ఎత్తకుండా మంద వెంట నడిచి ఆయన్ని చదివించింది ఆ అక్కేననీ నాకు తర్వాత తెలిసింది. ఆయన చెప్పగా తెలిసింది కాదు. ఆయన తన గురించి చెప్పుకున్నవి, నా పుస్తకం ప్రకారం, ఐదేళ్లలో మూడే మాటలు.

2021 డిసెంబరులో బెంగళూరు ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరువు వచ్చింది. పెట్టెలన్నిటిలో పాత ప్రోగ్రాము తీసేసి కొత్తది వేయాలి. కొత్తదాన్ని 2022 ఫిబ్రవరి 28 నాటికి పెట్టెలాయన తయారుచేసి పంపాలి. మార్చి 31న పాతది ఆగిపోతుంది. ఆ రోజు సాయంత్రానికి కొత్త ప్రోగ్రాముతో పలకని పెట్టెను జాబితా నుంచి కొట్టేసి, స్తంభంతో సహా తీసేస్తారు. గడువు దాటితే ఆయన కాంట్రాక్టు పొడిగించరు.

పని కష్టమేమిటో ఆయన నాకు ఓపికగా చెప్పాడు. నాకు అర్థమైనంత రాస్తాను. పెట్టెలోని కంప్యూటరు చాలా చిన్నది. దాని ప్రోగ్రామును దాని మీదే తయారుచేయడం కుదరదు. బల్ల మీది పెద్ద కంప్యూటరులో కూర్చుని, వేరే జాతిదైన ఆ చిన్న యంత్రానికి సరిపడేలా తయారుచేయాలి. అందుకు కావలసిన పనిముట్ల కట్టను ముందుగా మనమే కట్టుకోవాలి. దాని పేరు క్రాస్ కంపైలర్. ఆ కట్ట కట్టేటప్పుడు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటుంది. నీ ప్రోగ్రాము ఏ కెర్నల్ మీద నడవబోతోంది, దాని సంఖ్య చెప్పు అని. కెర్నల్ అంటే యంత్రానికీ ప్రోగ్రాముకూ నడుమ కూర్చుని, ప్రోగ్రాము అడిగిన ప్రతి పనినీ యంత్రం చేత చేయించే మూలభాగం. ఏళ్లు గడిచేకొద్దీ కొత్తవి వస్తాయి, సంఖ్య పెరుగుతుంది. చుక్క తర్వాతిది దశాంశం కాదు, విడి అంకె; 4.4 కంటే 4.14 కొత్తది. పాతదాన్ని లెక్కలో పెట్టుకుని కట్టిన ప్రోగ్రాము కొత్త కెర్నల్ మీద నిక్షేపంగా నడుస్తుంది. కొత్తదాన్ని నమ్మి కట్టినది పాతదాని మీద మొదటి అడుగులోనే "కెర్నల్ మరీ పాతది" అని ఒక్క వాక్యం చూపి ఆగిపోతుంది.

"అందుకని అన్నిటికంటే ముసలిది యాదో తెలియల్ల సార్. మీరు పోయి రాసుకొని రాండి," అన్నాడు.

పాత ప్రోగ్రాములో ఒక్కో బ్లాకు, అంటే కొన్ని పెట్టెల గుంపు, మొత్తమే తెర మీద కనబడేది. ఏ పెట్టె ఎలా ఉందో తెలియాలంటే నడిచి వెళ్లి చూడవలసిందే. ఆయన ఒక తీగా, అరచేతిలో పట్టే తెరా ఇచ్చాడు. తీగ తగిలించి, నేర్పిన మాట టైపు చేస్తే, పెట్టె తన కెర్నల్ సంఖ్య చూపిస్తుంది. డిసెంబరు 20న మొదలుపెట్టి జనవరి 29న ముగించాను. నలభై ఒక్క రోజులు. డ్రాయింగు కాగితాలు వరుసగా పెట్టుకుని, చూసిన ప్రతి పెట్టెకూ ఎర్ర చుక్క పెట్టాను. నా ఉద్యోగ జీవితంలో అంత తృప్తినిచ్చిన పని మరొకటి లేదు. ఫలితం ఇది: 4.14 ఉన్నవి 131, 4.9 ఉన్నవి 58, 4.4 ఉన్నవి 23. మొత్తం 212. స్టోరు జాబితాలో కొన్న పెట్టెలు 212. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన మొత్తాలు కలిశాయి. అంతకంటే రుజువు నాకు తెలియదు.

ఆయన ఆ పట్టిక అడుగు వరుస మాత్రం చూసి 4.4 అని నిర్ణయించుకున్నాడు. బెంగళూరు మేనేజరు ఫోనులో కన్నడంలో అభ్యంతరం చెప్పాడు. 4.14 తీసుకుంటే కొత్త సౌకర్యాలు వస్తాయి, ఇరవై మూడు పెట్టెల కోసం అందరూ వెనక్కి నడవాలా అన్నాడు. పెట్టెలాయన తగ్గు గొంతుతో ఏదో చెప్పి ఒప్పించి, ఫోను పెట్టేశాక నాతో అన్నాడు:

"మంద ఈ పొద్దు ఎంత దూరం పోవల్ల అనేది ముందర పోయే పొట్టేలు చెప్పదు సార్. ఎనకాల కుంటుతాండాదే, అది చెప్తాది."

ఫిబ్రవరి 12 నాటికి కట్ట సిద్ధం. దానితో ప్రోగ్రాము తయారైంది. పది పెట్టెలలో వేసి చూశాడు, పదీ పలికాయి. గడువుకు ఇంకా పదహారు రోజులుంది. 14వ తేదీ సోమవారం, పంపేముందు, నా రిజిస్టరు మొదటి నుంచి చదివి వినిపించమన్నాడు.

"మొత్తం సరిపోయింది కదప్పా. స్టోరుతో కూడా కలిసింది."

"ఊరికే సార్. చదవండి, ఇంటాను."

గొంగడి కప్పుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు, మోచేతులు లేని కర్ర మీద వేసి, కళ్లు మూసుకుని. నేను నంబరూ స్థలమూ సంఖ్యా చదివాను. నిమిషానికి నాలుగు చొప్పున యాభై మూడు నిమిషాలు పట్టింది. ముగించి పుస్తకం మూశాను. ఆయన కళ్లు తెరవలేదు.

"ఒగటి రాలేదు సార్."

"ఏంది రాలేదు? రెండు వందల పన్నెండు చదివినాను."

"ఒగటి రెండు తూర్లు వచ్చింది. ఒగటి రాలేదు."

నాకు కోపం వచ్చింది. వయసులో పదిహేనేళ్లు పెద్దవాణ్ని. నా లెక్కలో తప్పుందని కచేరిలో ఎనిమిది మంది తహసీల్దార్లలో ఒక్కరూ అనలేదు. అదే మాట ఆయనతో అన్నాను. ఆయన తల వంచుకుని, "తప్పు అనలేదు సార్. రాలేదు అన్నాను. రేపు నడిచి చూద్దాం పాండి," అన్నాడు.

మరునాడు ఉదయం ఎనిమిదిన్నరకు 88వ స్తంభం దగ్గర నన్ను నిలబెట్టాడు. స్తంభం మీద 88. పెట్టె మూత వెనక 203. ఆ పెట్టె డిసెంబరులో మరమ్మతుకు ఇనుప గదికి వచ్చింది. బల్ల మీద ఉన్నప్పుడు దాని మీద వేసిన మరమ్మతు నంబరు, 203, చూసి రాశాను. జనవరిలో తిరిగి బిగించాక, స్తంభం నంబరు చూసి మళ్లీ రాశాను.

"రెండు పేర్లతో దొంగ ఓటు ఏసింది సార్ ఇది," అన్నాడు. ఆ ఐదేళ్లలో ఆయన వేసిన హాస్యాలలో నా పుస్తకానికి ఎక్కింది ఇదొక్కటే. నేను నవ్వలేకపోయాను.

మొత్తం 212 కలిసిందంటే, ఒకటి రెండుసార్లు వచ్చినప్పుడు, ఇంకొకటి అసలు రాకపోయి ఉండాలి. ఆయన ముందు నడిచాడు. డ్రాయింగులో ఆఖరి వరుస ముగిసినచోట మేము ఆగలేదు. ఇంకా నూట నలభై అడుగులు వేశాం. అక్కడ ఫలకాలు రెండుగా చీలి, నడుమ పన్నెండడుగుల వెడల్పున ఖాళీ వదిలాయి. ఖాళీలో సున్నం కొట్టిన రాళ్లు, మనిషి పొడుగున పేర్చినవి. తలవైపు ఒక తంగేడు మొక్క. దానికి ఆవల పొట్టి వరుస ఒకటి, దాని స్తంభానికి పెట్టె. మిగిలిన వాటికంటే పాత రకం. మూత సొట్టబోయి ఉంది.

తీగ ఆయనే తగిలించాడు. తెర మీద సంఖ్య వచ్చింది. 3.10.

నేను ఎండలో నిలబడి, రెండుసార్లు రాసిన 4.4 పెట్టెను ఒకటిగా చేసి, మనసులోనే పట్టిక సరిచేసుకున్నాను. 131, 58, 22, ఒకటి. మొత్తం 212. అంకె మారలేదు, లెక్క మాత్రం తలకిందులైంది. 4.4ను నమ్మి కట్టిన ఆ ప్రోగ్రాము ఈ పెట్టెలో ఒక్క వాక్యం చూపి ఆగిపోతుంది. మార్చి 31న దీన్ని కొట్టేస్తారు.

"ఈ ఖాళీ ఎందుకు వదిలినారు? డ్రాయింగులో లేదే," అన్నాను.

"అక్క ఉండాది సార్ ఈడ."

ఉండేది అనలేదు. ఉండాది అన్నాడు.

ఆ నేల వాళ్లది. ఎనిమిదెకరాల వేరుశనగ చేను, పార్కుకు లీజుకిచ్చారు. రాళ్లను కదపకూడదని ఆయన ఒక్కటే అడిగాడు. బిగించేవాళ్లు మంచివాళ్లు, వరుసను చీల్చారు. చీలిన ముక్కకు వేరే పెట్టె కావలసి వచ్చింది. ఎక్కడో తీసేసిన పాతదాన్ని తెచ్చి బిగించారు. స్టోరువాళ్లు అంకెలో కలుపుకున్నారు. డ్రాయింగు గీసేవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

"ఇది మొదట్నుంచి నీకు తెలుసు కదా. ఇంత పాతదని ఎందుకు చెప్పలేదు?"

"ఈడికి వస్తే పెట్టె మూత తీసేది లేదు సార్. కూసోని పోతా. అది ఎంత ముసలిదో ఈ పొద్దే నేనూ చూడడం."

కొత్త పెట్టె పెట్టిద్దామన్నాను. స్టోరులో అదనంగా ఒక్కటీ లేదు. తెప్పించుకోవాలంటే డ్రాయింగులో స్థలం చూపాలి. డ్రాయింగులో ఆ స్థలమే లేదు. చూపితే, ఈ ఖాళీ ఎందుకని అడుగుతారు.

"పెట్టె పోతే వరుస పీకేస్తారు సార్. వరుస లేకపోతే ఈడ చదును చేస్తారో, ఏం చేస్తారో. అది వద్దు. కంపైలర్ మళ్ల కడతా," అన్నాడు.

పదమూడు రోజులుంది. ఆయన కంప్యూటరు మీద ఆ కట్ట ఒకసారి కట్టడానికి పట్టే కాలం ఆరు గంటల నలభై నిమిషాలు. మధ్యలో ఎక్కడ ఆగిపోయినా మొదటికి రావాలి. నేను ప్రయత్నాలను పుస్తకంలో రాశాను. మొదటిది ఐదు గంటలకు ఆగిపోయింది. రెండోది చివరిదాకా వెళ్లింది గానీ, ప్రోగ్రాము అడిగే పనుల్లో రెండు ఆ పాత కెర్నల్‌కు అసలు తెలియవని తేలింది. ఆ రెండూ వాడకుండా ప్రోగ్రామునే తిరిగి రాయాలి. రాశాడు. ఐదో ప్రయత్నం తర్వాత మేము ఎండలో పెట్టె దగ్గరికి వెళ్లాం. పలికింది, పదకొండు నిమిషాలకు ఆగింది. అలా ఫిబ్రవరి 28 వచ్చింది.

ఆ రోజు సాయంత్రం నాలుగు గంటలకు నేను బల్ల ముందు కూర్చున్నాను. మొదట తయారుచేసిన 4.4 ప్రోగ్రాము తెర మీద అలాగే ఉంది. పంపడానికి ఒక్క మీట నొక్కాలి.

"రెండు వందల పదకొండు పెట్టెలకు ఇది చాలు. ఈ పొద్దే పంపించు. నీ పని నిలుస్తాది," అన్నాను.

"దాని పని పోతాది సార్."

"పంపకపోతే నీ కాంట్రాక్టు పోతాది. పాస్ పోతాది. పాస్ లేకపోతే గేటులో నిన్నెవరు రానిస్తారు? నువ్వు రాలేకపోయినాక ఆ పెట్టె ఉంటే ఏంది, లేకుంటే ఏంది?"

ఆయన గొంగడి మడత సరిచేసుకున్నాడు. "పెట్టె ఉంటే ఎవురో ఒగరు వస్తారు సార్ ఆడికి. తుడిచేదానికో, చూసేదానికో. నేనే రావల్లనేముంది."

మార్చి 1 శివరాత్రి. ఆయన ఇనుప గదిలోనే ఉన్నాడు. ఏడో ప్రయత్నం మార్చి 2, బుధవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు పూర్తయింది. పంపాడు. ఆలస్యం రెండు రోజులు. దానికి కారణం రాసి ఇమ్మని అడిగారు. "పెట్టె ఒకటి ఆలస్యంగా దొరికింది" అని ఒక్క వరుస రాసి సంతకం పెట్టాడు. పెట్టెల లెక్క ఎవరు చేశారో, ఆ పెట్టె ఎవరి పట్టికలో జారిపోయిందో రాయలేదు. ఆ కాగితం నా బల్ల మీదుగానే వెళ్లింది. నేను దాని మీద తేదీ ముద్ర వేశాను. ముద్ర సరిగ్గా పడిందా లేదా అని చూసుకున్నాను. అంతకుమించి ఏమీ చేయలేదు.

మార్చి 31, గురువారం. కొత్త ప్రోగ్రాములో ప్రతి పెట్టెకూ తెర మీద ఒక వరుస. రోజూ సాయంత్రం అన్నిటినీ ఒకసారి పిలుస్తుంది, పలికినది పచ్చగా మారుతుంది. సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు ఆయన తలుపు పక్కన నిలబడి, మోచేతులు ఎత్తి, చూశాడు. ఒక్కొక్కటే పచ్చబడుతూ వచ్చాయి. ఆయన పెదవులు కదల్లేదు. నేను మాత్రం ఎంచుతున్నాను. నేను 212 అనకముందే "అన్నీ వచ్చినాయి సార్" అన్నాడు. ఆరు గంటల ఐదు నిమిషాలకు రెండో ద్వారంలో పాస్ తిరిగి ఇచ్చేసి, గొంగడి భుజాన వేసుకుని, హొసకోట బస్సు కోసం రోడ్డు వైపు నడిచాడు.

ఆ తర్వాత ఆయన హొసకోటలో ఒక గది తీసుకుని మిక్సీలూ టీవీలూ బాగుచేస్తుండేవాడు. నేను నాలుగుసార్లు కలిశాను. నాలుగుసార్లూ ఆయన అడిగింది ఒకటే.

"వస్తాండాదా సార్?"

"వస్తాండాదప్పా."

అంతటితో టీ తెప్పించేవాడు. ప్రతి నెలా ఒకటో తేదీన నేను ఆ పెట్టె దగ్గరికి వెళ్లి, మూత తుడిచి, సంఖ్య చూసి రాస్తున్నాను. తంగేడు పూసినప్పుడు పూసిందని కూడా రాశాను. అందుకు రిజిస్టరులో గడి లేదు, పక్కన రాశాను. ఈ నెలతో కలిపి ముప్పై రెండుసార్లు. ఆ సంగతి ఆయనకు చెప్పాను. మరొక సంగతి, ఆ లెక్కలో తప్పు నాదని, నా తప్పుకు ఆయన పదమూడు రోజులు వెచ్చించి పని పోగొట్టుకున్నాడని, నాలుగుసార్లలో ఒక్కసారీ చెప్పలేదు. ఆయనకు తెలియనిది కాదు గనుక చెప్పనక్కరలేదని అనుకునేవాణ్ని.

చివరిసారి అక్టోబరు 4, శుక్రవారం, బస్టాండులో. "మీరు ఎన్నాళ్లుంటారు సార్ ఆడ?" అన్నాడు. వచ్చే మార్చి 31 దాకా అన్నాను. ఆయన సరేనన్నట్టు తల ఆడించాడు. ఆ తర్వాత ఎవరు పోతారని అడుగుతాడేమోనని నేను బస్సు వచ్చేదాకా ఆయన ముఖం చూడలేదు. ఆయన అడగలేదు.

కావలివాడి మాట విన్న ఆ బుధవారం, హాజరు పుస్తకం మూయకముందు నేను ఇంకొకటి అడిగాను. "ఆయన్ని ఈడికి తెచ్చి, వాళ్లక్క పక్కన పెట్టేదానికి కుదిరేది కాదా?"

"ఏం మాట సార్. బతికిండేవాళ్లకే పాస్ లేకుంటే రానియ్యం. పీనుగకు యాడ ఇస్తారు పాస్," అన్నాడు. తర్వాత, కొంచెం గొంతు తగ్గించి, "అడిగింటే నేను చూడనట్ల ఉండేవాణ్ని సార్. ఎవురూ అడగలేదు," అన్నాడు.

ఇనుప గదికి వెళ్లి కాగితం తీశాను. ప్రధాన కార్యాలయానికి కన్నడంలో రాశాను. 2022 జనవరి లెక్కలో ఒక పెట్టెను రెండుసార్లు చేర్చినదీ, ఒకదాన్ని విడిచినదీ నేను. రెండు రోజుల ఆలస్యానికి కారణం నేను. పెట్టెలాయన కారణం రాసి ఇచ్చిన నాడు నేను రాయవలసిన ఉత్తరం ఇది. కింద తేదీ వేశాక, అలవాటు కొద్దీ తీసివేత చేశాను. ఆయన ఆలస్యం రెండు రోజులు. నా ఆలస్యం ముప్పై రెండు నెలల పదకొండు రోజులు. ఉత్తరంతోపాటు సరిచేసిన డ్రాయింగు కూడా పెట్టాను. అందులో పొట్టి వరుస గీశాను, పెట్టె గీశాను, పన్నెండడుగుల ఖాళీని కొలతలతో గీసి లోపల "సమాధి, కదపరాదు" అని రాశాను. అడుగుతారని ఇన్నాళ్లూ దాచింది అడగనివ్వండి. మార్చి 31 తర్వాత నా చోట రిజిస్టరు పట్టుకునేవారు ఎవరైనా, ఇకమీదట కాగితం ప్రకారమే అక్కడిదాకా నడవవలసి ఉంటుంది.

మధ్యాహ్నం పెట్టె దగ్గరికి వెళ్లాను. ఒకటో తేదీ కాదు, అయినా వెళ్లాను. మూత తుడిచాను. వాన తడికి రాళ్ల మీది సున్నం అక్కడక్కడ రాలింది. తంగేడు కింద కూర్చోవడానికి వీలుగా ఒక బల్లపరుపు రాయి ఉంది. దాని నడుము అరిగి నునుపెక్కింది. ముప్పై రెండుసార్లు వచ్చి కూడా దాన్ని నేను చూడలేదు. దాని మీద కూర్చోలేదు. పక్కన నేల మీద కూర్చున్నాను.

సాయంత్రం ఇనుప గది తలుపు దగ్గర నిలబడ్డాను. మోచేతులు ఎత్తి చూశాను గానీ, నా భుజాలు ఒప్పుకోలేదు, దించాను. వరుసలు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. ముంగిసలది వచ్చింది. 88 అనీ 203 అనీ రెండు పేర్లు పెట్టుకున్నది వచ్చింది. చివరగా మూత సొట్టబోయిన ముసలిది వచ్చింది. ఎంచకుండా చూసింది అదే మొదటిసారి. చూశాక, తప్పు జరగకూడదని, మొదటి నుంచి మళ్లీ ఎంచాను.

2024 నవంబరు 13, సాయంత్రం ఐదు గంటల నలభై ఆరు నిమిషాలు. పలికిన పెట్టెలు: 4.14 ఉన్నవి 131, 4.9 ఉన్నవి 58, 4.4 ఉన్నవి 22, 3.10 ఉన్నది ఒకటి. మొత్తం 212.